నాలుగు మూలలూ పట్టే లెన్సు

గాజువాక,
జూన్ 8.

ప్రియమైన హేమకు,

నీ మెయిలు మొన్న చేరింది. ఓడలో ఇచ్చే నెట్టు కార్డు ఫోను మాటలకు చాలదనీ, ఉత్తరాల్లా రాసుకుందామనీ నువ్వన్నప్పుడు ముందు నవ్వొచ్చింది. మీ నాన్నకే నేను ఏనాడూ ఉత్తరం రాసి ఎరగను. ఒకే వీధివాళ్ళం, రాయాల్సిన అవసరమెక్కడిది? ఇప్పుడు స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొడుతుంటే, పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళు నేనేదో పెద్ద పనిలో ఉన్నాననుకుని బయట బెంచీ మీద కూర్చుంటున్నారు.

మీ నాన్న బాగున్నారు. స్టీలు ప్లాంటులో ఈ వారం బి షిఫ్టు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర ఎవరు కనబడినా "ఈ బొగ్గు మా పాప ఓడలో వొచ్చిందే" అంటున్నారట. అమ్మాయి ఓడెక్కి మూణ్ణెల్లేననీ, ఆ ఓడ ఇంతవరకు విశాఖ ముఖమే చూడలేదనీ నేను చెప్పినా చెవిన వేసుకోరు.

ఇక నా గొడవ. పోయిన గురువారం శ్రీనగర్లో ఒక గృహప్రవేశం. పిల్లాడు కొత్తగా కొన్న చిన్న ఫ్లాటు. హాల్లో పాలు పొంగించే వేళకి చుట్టాలంతా అక్కడే చేరారు. నేను వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, బీరువాకి వీపు ఆనించి తీశాను. ఇంక జరగడానికి గోడ తప్ప చోటు లేదు. నిన్న ఆల్బమ్ ఇస్తే ఆ అబ్బాయి తిప్పి తిప్పి చూసి, "ఏటండీ ఇది? మా అమ్మది సెయ్యొక్కటే పడ్డాది, మనిషేది?" అన్నాడు. నిజమే. కొడుకు కొన్న ఇంటి ఫొటోలో వాళ్ళమ్మ సన్యాసమ్మ గారి గాజుల చెయ్యి మాత్రం మిగిలింది. పక్కనే కూర్చున్న ఆవిడ నవ్వేశారు గానీ, వాళ్ళ రెండో అబ్బాయి పెళ్ళికి నన్ను పిలవరని అర్థమైంది.

ఈ ఊళ్ళో ఇళ్ళు చిన్నవవుతున్నాయి, చుట్టాలు మాత్రం తగ్గడం లేదు. అందుకని అల్ట్రా వైడ్ జూమ్ లెన్సు ఒకటి కొందామని నిశ్చయించాను. ద్వారకా నగర్లో షాపుకి వెళితే మూడు రకాలు చూపించాడు. పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు మిల్లీమీటర్లది ఒకటి. చూస్తే కొబ్బరిబొండంలా ఉంది, ముందు అద్దం ఉబ్బెత్తుగా కప్పకన్నులా ఉంది. పదహారు నుంచి ముప్పై అయిదుది రెండోది. పది నుంచి పద్దెనిమిది మూడోది, బుల్లిది, ప్లాస్టిక్కు ఒళ్ళు. నాకైతే కొబ్బరిబొండం మీదే మనసు పోయింది. నువ్వేమంటావు? నా పాత కెమెరా నీ దగ్గరే ఉందిగా, దానికీ నా దానికీ లెన్సుల మూతి ఒకటే. ఆలోచించి చెప్పు.

వేళకి తిను. ఎండలో టోపీ మానకు.

స్టూడియో షట్టర్ దించుతూ,
అమ్మ


సముద్రం మీద,
జూన్ 15.

ప్రియమైన అమ్మకు,

సన్యాసమ్మ గారి చెయ్యి చదివి కేబిన్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పాపం ఆవిడ.

ఇక్కడంతా బాగుంది. మేము ఖాళీ ఓడతో ఆస్ట్రేలియా వెళుతున్నాం, అక్కడ బొగ్గు ఎక్కించుకోవాలి. పొద్దున బ్రిడ్జి మీద డ్యూటీ, అంటే ఓడ నడిపే గదిలో. ఆ తర్వాత డెక్కు మీద పని. తుప్పు గోకడం, రంగు వేయడం, హోల్డులు చూసి రావడం. హోల్డంటే సరుకు పోసే గొయ్యి, మన ఆరంతస్తుల అపార్టుమెంటు ఒకటి అందులో దిగబడిపోతుంది. క్యాడెట్ అంటే అన్ని పనులూ నేర్చుకునే మనిషి కదా, బూట్లకు పట్టిన నలుపు ఎంత తోమినా వదలదు. ఎగిరే చేపలు డెక్కు మీద పడుతుంటాయి. వంటమనిషి చారు నువ్వు పెట్టినట్టు పెట్టలేడు గానీ పెడతాడు.

లెన్సు సంగతి. అమ్మా, కొబ్బరిబొండం వద్దు. మన కెమెరాలో సెన్సారు చిన్నది. ఏ లెన్సు పెట్టినా చుట్టూ అంచులు కోసేసి నడిమి భాగమే తీసుకుంటుంది. పద్నాలుగుది పెడితే ఇరవై ఒకటి, ఇరవై రెండులా చూపిస్తుంది. పదహారుదైతే ఇరవై అయిదులా ఉంటుంది, దానికి అల్ట్రా వైడ్ అన్న పేరే దండగ. మన కెమెరా కోసం చేసింది ఆ బుల్లిదే. పది దగ్గర పెడితే పదహారులా కనబడుతుంది. ఆ గృహప్రవేశం హాలు మొత్తం వస్తుంది, బీరువాతో సహా.

నా ఫొటో ఒకటి పెడుతున్నాను. హెల్మెట్టు బాగుందా?

నాన్నకు చెప్పు, ఈసారి బొగ్గు నిజంగానే విశాఖకే అంటున్నారు.

ప్రేమతో,
నీ హేమ


గాజువాక,
జూన్ 24.

బంగారు తల్లి హేమకు,

హెల్మెట్టు బాగుంది, మొహం చిక్కింది.

నువ్వు వద్దన్నా నాకు ఆశ చావలేదు. పాత ఊళ్ళో కరీం బాషా గారు లెన్సులు అద్దెకిస్తారు కదా, ఆయన దగ్గర కొబ్బరిబొండం, దానికి సరిపడే పెద్ద సెన్సారు కెమెరా రెండూ తీసుకుని తగరపువలస పెళ్ళికి పట్టుకెళ్ళాను. "బేటీ, ముందు అద్దానికి ఏలు తగలనీకు, తగిలితే నా గుండెకి తగిలినట్టే" అని ఆయన పది మాట్లు చెప్పి పంపారు.

ఏం చెప్పను హేమా! తలుపు దగ్గర నిలబడితే గది, గదిలో జనం, పైకప్పు, పైకప్పుకి వేలాడే కాగితప్పువ్వులు అన్నీ వచ్చేశాయి. మొదటి నాలుగు ఫొటోల్లో నా చెప్పుల కొసలు కూడా పడ్డాయి. ఇంత వెడల్పు చూసే కళ్ళు నాకూ ఉంటే బాగుండుననిపించింది. కానీ సాయంత్రం లాప్‌టాప్‌లో చూపిస్తే పెళ్ళికూతురి మేనత్త చిట్టమ్మ గారు మండిపడ్డారు. ఆవిడ వరసలో చివర నిలబడ్డారు. ఈ లెన్సు అంచున నిలబడ్డవాళ్ళను పక్కకి లాగేస్తుంది కదా. "ఏటమ్మా, నానింత లావున్నానేటి? మా కోడలేమో సన్నజాజిలాగ నడిమిన నిలబడ్డాది, నన్నేమో ధాన్యం గాదెలాగ సేసీసినావు!" అన్నారు. ఆవిణ్ణి మధ్యలో నిలబెట్టి మళ్ళీ తీశాక గానీ భోజనానికి లేవలేదు.

అప్పటికి ఆ లెన్సు బరువుకి నా మణికట్టు లాగేస్తోంది. తెల్లవారి టీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. మీ నాన్న చూసి, "పెళ్ళికి ఫొటోలు తీయడానికెల్లినావా, పందిరి మోయడానికెల్లినావా?" అన్నారు. అయినా ఆ వెడల్పు రుచి మరిగాను. జూమ్ ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది. వీపు గోడకి ఆనాక అడుగు వెనక్కి పడదు, రింగు తిప్పడమే దారి.

ఇంకో మాట, ఫొటోగ్రాఫరుగా అడుగుతున్నాను. నువ్వు పంపినవన్నీ మొహానికి దగ్గరగా తీసినవే. వెనక ఎప్పుడూ అదే తెల్లగోడ. అంత పెద్ద ఓడ మీద ఉండి నాకు గోడ చూపిస్తావేమిటే? ఈసారి నువ్వు పనిచేస్తుంటే ఎవరిచేతైనా తీయించు.

మణికట్టుకి నూనె రాసుకుంటూ,
అమ్మ


సముద్రం మీద,
జూలై 6.

అమ్మా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నెట్టు సరిగ్గా లేదు.

వెనకాల ఏముంటుందమ్మా, ఎటు చూసినా నీళ్ళే. పనిలో ఉన్నప్పుడు ఫొటో తియ్యమని ఎవరిని అడుగుతాం? అందరి చేతులూ గ్రీజే. ఎక్కిన కొత్తలో డెక్కు మీద తీసింది ఒకటుంది, అది పెడుతున్నాను.

మణికట్టు నొప్పి తగ్గిందా? నామాట విని బుల్లిదే తీసుకో.

హేమ


గాజువాక,
జూలై 9.

ప్రియమైన హేమకు,

నీ మాటే వింటున్నాను. పది నుంచి పద్దెనిమిదే ఖాయం.

నిన్న కరీం బాషా గారి దగ్గర అలాంటిదే ఒకటి ఉంటే నా కెమెరాకి తగిలించి షాపులోనే తీసి చూశాను. వెలుతురు కాస్త తక్కువ తీసుకునే లెన్సే. దీపాలార్పేసిన ఫంక్షన్లో కష్టం. కానీ చెయ్యి వణికినా ఫొటో వణకకుండా లోపల ఏదో ఏర్పాటుందట. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పిల్లల్ని పక్కకి జరపొచ్చు. నా పనికి అదే కావాలి. పెద్దది కొంటే రేపు పెద్ద కెమెరా కొన్నప్పుడు పనికొస్తుందన్న ఆశ ఒకటుండేది. రేపటి కెమెరా కోసం ఇవాళ్టి చెయ్యి విరగ్గొట్టుకోవడమెందుకు?

కరీం గారు తనది అమ్మరు. కొత్తది ఇక్కడ దొరకడం లేదు, తెప్పించాలంటున్నారు. మీరు బొగ్గు ఎక్కించుకునే గ్లాడ్‌స్టన్ రేవులో దిగితే నావికుల క్లబ్బు బస్సు ఊళ్ళోకి తీసుకెళుతుందని వెనక చెప్పావు కదా. అక్కడ కెమెరా షాపు ఉంటే చూడు. వాడినదైనా ఫరవాలేదు, గీత లేకుండా ఉంటే చాలు.

కొన్నాక ఒక పరీక్ష చెయ్యాలి. నీ కేబిన్ తలుపుకి వీపు ఆనించి నిలబడు. రింగు పది దగ్గరకి తిప్పి, గది మొత్తం పడేలా ఒక ఫొటో తియ్యి. వెడల్పు లెన్సుల తప్పులన్నీ మూలల్లోనే బయటపడతాయి. నడుమ బాగుంటుంది, ఒక మూల మసగ్గా ఉంటుంది. ఆ ఫైలు చిన్నది చెయ్యకుండా ఉన్నదున్నట్టు పంపు. నాలుగు మూలలూ పెద్దవి చేసి నేనిక్కడ చూస్తాను. బాగోకపోతే ఓడ కదిలేలోగా తిరిగిచ్చెయ్యొచ్చు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన వీధి చివర ఎప్పటిలాగే చెరువు.

అమ్మ


గ్లాడ్‌స్టన్ రేవు,
జూలై 19.

ప్రియమైన అమ్మకు,

కొనేశాను! వాడినదే, కానీ ఎవరో ముసలాయన పక్షుల ఫొటోల పిచ్చిలో పడి దీన్ని ఒక్క ఏడాదైనా వాడలేదట. గీత లేదు, దుమ్ము లేదు. షాపు ఆవిడ నువ్వన్న ఏర్పాటు కూడా చేసి చూపించింది. వేడి చాక్లెట్ తాగి బస్సెక్కాను. నేల మీద నడుస్తుంటే నేలే ఊగినట్టుంది.

పరీక్ష కూడా చేశాను. మొదటిసారి నీలాగే నా కాళ్ళు పడ్డాయి. తలుపు తీసి, నడవలోకి ఒక అడుగేసి మళ్ళీ తీశాను. రేవులో ఊరి సిగ్నలుంది కాబట్టి ఫైలు పూర్తిగా పంపుతున్నాను. నాకైతే నాలుగు మూలలూ బాగానే కనిపించాయి, నువ్వు కూడా చూసి చెప్పు. ఇంత చిన్న కేబిన్ ఎంత పెద్దగా పడిందో! నాన్నకు చూపించు, మన హాలంత ఉందనుకుంటారు.

రెండు రోజుల్లో బయలుదేరతాం. విశాఖకే, ఇక ఖాయం.

నీ హేమ


గాజువాక,
జూలై 20.

హేమా తల్లీ,

లెన్సు బాగుంది. నాలుగు మూలలూ సూదిలా ఉన్నాయి. తిరిగివ్వక్కర్లేదు.

మూలలు ఎంత బాగున్నాయంటే, ఎడమవైపు పైమూలలో కొక్కేనికి వేలాడుతున్న నీ పని దుస్తుల ఇస్త్రీ మడత కూడా కనబడుతోంది. ఆ కింద నీ బూట్లు. బూట్లకు పట్టిన నలుపు వదలడం లేదని రాశావు. ఈ బూట్లు షాపులోంచి తెచ్చినట్టున్నాయి. కుడివైపు కిందిమూలలో, మంచం కాళ్ళ దగ్గర, నీ పెద్ద నీలం సంచి. జిప్పు వేసి, పట్టీ బిగించి ఉంది. ఓడ ఎక్కే రోజు మనిద్దరం కూర్చుని బిగించినట్టే. పుస్తకాల అర ఖాళీ. గోడకి అంటించుకున్నానన్న నాన్న ఫొటో లేదు, జిగురు మరక ఉంది.

నేను ఇవి వెతకాలని చూడలేదమ్మా. లెన్సు చూద్దామని చూశాను. ఒక మూల తర్వాత ఒక మూల పెద్దది చేసుకుంటూ వెళితే ఇవి కనబడ్డాయి. పాస్‌పోర్టు ఫొటోకి ఒకాయన వస్తే గడ్డం దించమనడానికి బదులు గడ్డం తీయమన్నాను.

మొన్న పంపిన డెక్కు ఫొటోలో నీ జడ నడుం దాకా ఉంది. మొహానికి దగ్గరగా తీసినవాటిలో నీ జుట్టు భుజాలు దాటదు, అంటే ఆ తర్వాత డెక్కు మీద తీసింది ఒక్కటీ లేదు. అప్పుడే అడగాల్సింది.

అడగకుండా ఊరుకోవడం మంచిదేమో అని రాత్రంతా అనుకున్నాను. ఊరుకోలేను. ఏం జరిగింది? ఎవరైనా ఏమైనా అన్నారా? ఎవరైనా నీ మీద చెయ్యేశారా? అదేగానీ అయితే ఒక్క ముక్క రాయి, మిగతాది మేము చూసుకుంటాం. ఒంట్లో బాగోలేదా? ఏదైనా సరే, నాకు చెప్పడానికి మంచి మాటలు వెతుక్కోకు.

నాన్నకు ఆ ఫొటో చూపించలేదు. లెన్సు బాగుందని మాత్రం చెప్పాను.

అమ్మ


సముద్రం మీద,
జూలై 29.

అమ్మా,

ముందు నీ భయం తీరుస్తాను. నన్నెవరూ ఏమీ అనలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఒంట్లో బాగానే ఉంది. ఇంత చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టిందంటే కోపం రావడం న్యాయమే.

ఎక్కిన రెండో నెలలో ఒకరోజు ఖాళీ హోల్డు చూసి రమ్మన్నారు. గోడకి ఇనప నిచ్చెన ఉంటుంది. మధ్య మధ్య నిలబడి ఊపిరి తీసుకోవడానికి ప్లాట్‌ఫారాలుంటాయి. అంతకుముందు రెండుసార్లు దిగాను కూడా. ఆ రోజు రెండో ప్లాట్‌ఫారం దాటి నాలుగు మెట్లు దిగి కిందికి చూశాను. అంతే. చేతులు బిగుసుకుపోయాయి. కిందికి పోను, పైకి రాను. మెట్టు వదలమని నేనే నా చేతికి చెబుతున్నాను, అది వినడం లేదు.

డెక్కు పనివాళ్ళకు మేస్త్రిలాంటి ఆయన్ని బోసన్ అంటారు. మా బోసన్ నాగబాబు గారిది భీమిలి. ఆయన పక్క నిచ్చెన మీంచి దిగొచ్చి నా కింది మెట్టు మీద నిలబడ్డారు. "పాపా, కిందకి సూడకు. నా మీసం సూడు. బాగున్నాదా, నేదా?" అన్నారు. ఏడుస్తూనే బాగుందన్నాను. "అయితే ఒక సెయ్యి తియ్యి" అన్నారు. అలా ఒక్కొక్క చెయ్యి తీయించి పైకి తెచ్చారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పైకి వచ్చేసరికి అందరూ పని ఆపి నిలబడి ఉన్నారు.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. కెప్టెన్ "కొన్నాళ్ళు ఆఫీసు పని చూసుకో" అన్నారు. అప్పట్నుంచి బ్రిడ్జి డ్యూటీ, కాగితాల పని. నా పని మిగతావాళ్ళు చేస్తున్నారు. ఒక్కరూ ఒక్క మాటనరు, టీ ఇచ్చి మరీ వెళతారు. నాకు అన్నం సయించదు.

విశాఖలో దిగిపోతానని కెప్టెన్‌కి రాసిచ్చాను. సంచి అందుకే. ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి చెబుదామనుకున్నాను. నెట్టు కార్డు చాలకపోవడం అబద్ధం. ఫోన్లో నా గొంతు వింటే "ఏమైందే" అని మొదటి మాటకే అడుగుతావు. రాసిందాంట్లో గొంతు వినబడదు కదా అని ఉత్తరాలు పెట్టుకుందామన్నాను. నీకు మూలలు చూసే అలవాటుందని మరిచిపోయాను.

నాన్నకు నువ్వే చెప్పు. నావల్ల కాదు.

హేమ


విశాఖ రేవు, ఓడ మీద నుంచి,
ఆగస్టు 11, తెల్లవారుజామున.

అమ్మా,

నిన్న మీరిద్దరూ ఓడకి వచ్చి వెళ్ళాక రాద్దామని కూర్చుంటే ఇప్పటికి మొదటి ముక్క పడింది.

నువ్వు ఓడ ఎక్కి ముందు నన్ను పట్టుకున్నావు, వెంటనే "ఏది లెన్సు?" అన్నావు. గేటులో కెమెరా తేవొద్దన్నారని తిట్టుకుంటూ, కెప్టెన్ సరేనన్నాక నా కెమెరా లాక్కుని డెక్కంతా తిరిగావు. నాన్న నీ వెనక హెల్మెట్టు సర్దుకుంటూ తిరిగారు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడుగుతారని రెండు వారాలుగా జవాబు తయారుచేసుకున్నాను.

క్రేన్లు ఆగిన వేళ నాగబాబు గారు బొగ్గు దింపేసిన రెండో హోల్డు చూపించారు. నువ్వు అంచు మీంచి వంగి తీసి, తెరలో చూసుకుని, "పైనుంచి ఒట్టి గోడలే పడతన్నాయి. ఈ లెన్సుకి లోపలికెల్లాలి" అన్నావు. "ఫేమిలీవోలు నిచ్చెన దిగకూడదమ్మా, రూలు ఒప్పుకోదు" అన్నారాయన. నువ్వు "సర్లెండి" అని మూత పెట్టబోయావు. అప్పుడే నేను ఇలా ఇవ్వమన్నాను.

ఎందుకన్నానో చెబుతాను. ధైర్యం వచ్చి కాదు. ఈ ఓడ మీద నాలుగు నెలలుగా అందరూ నా పని నా చేతిలోంచి తీసుకుంటున్నారు. నువ్వూ మూత పెట్టేసరికి, నీ పని కూడా నావల్లే ఆగిపోతోందనిపించింది. ఒళ్ళు మండింది.

తాడు బెల్టు కట్టుకుని నాగబాబు గారి వెనక దిగాను. మొదటి ప్లాట్‌ఫారం దాకానే. కిందికి చూడలేదు, కెమెరా పైకెత్తాను. ఆకాశం ముక్క, దాని అంచున మీ రెండు తలలు. రెండు నొక్కాను. పైకొచ్చి డెక్కు మీద కూలబడితే నీళ్ళ సీసా మూత కూడా తీయలేకపోయాను. అంతా చూశావు.

ఇవాళ మధ్యాహ్నం దిగిపోయే కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టడం లేదమ్మా. కెప్టెన్‌కి రాత్రే చెప్పాను. ఆయన "సరే, కానీ నిచ్చెన నాగబాబుతోనే" అన్నారు. నా భయం పోయిందనుకోకు. ఇంకా మూడు ప్లాట్‌ఫారాలున్నాయి. ఒప్పందం అయ్యేలోగా ఎన్ని దిగగలనో అన్నీ దిగి చూస్తాను. నావల్ల కాదని తేలితే అప్పుడు నేనే ఫోన్ చేసి చెప్పి మరీ వస్తాను.

మీరు మధ్యాహ్నం గేటు దగ్గరకి రండి. సంచి లేకుండా వస్తాను. అక్కడ నాకు మాట రాదేమోనని ఇది ముందే పంపుతున్నాను.

నీ హేమ


గాజువాక,
ఆగస్టు 13.

ప్రియమైన హేమకు,

గేటు దగ్గర నీకే కాదు, నాకూ మాట రాలేదు. కస్టమ్స్ చీటీతో పాటు లెన్సు నా చేతిలో పెడితే, "వెనక మూత ఏది?" అని అడిగాను. అంత దూరం నుంచి వచ్చిన కూతుర్ని లెన్సు మూత అడిగిన తల్లి ఈ ఊళ్ళో ఇంకొకతి ఉండదు. మూత నీ జేబులో ఉంది, ఇచ్చావు, గంట కొట్టారు, వెళ్ళిపోయావు. అక్కడ అనలేనివి ఇక్కడ రాస్తున్నాను.

నీ మెయిలు ఆ పొద్దున చదివేసరికి ఇంట్లో వంజరం చేప ముక్కలు ఉప్పూకారం పట్టించి ఉన్నాయి. నీ మంచం మీద దుప్పటి మార్చాను. పక్కింటి ధనలక్ష్మికి చెప్పేశాను. అంతే కాదు. స్టూడియోకి రెండో మనిషిగా నా కూతురు దొరికింది, ఈ లెన్సు పట్టుకుని చిన్న ఇళ్ళ ఫంక్షన్లన్నీ అదే చూసుకుంటుంది, నేను పెళ్ళిళ్ళు చూసుకుంటానని లెక్కలు కూడా వేసుకున్నాను. నువ్వు భయపడి వస్తున్నావని బాధపడాల్సిన నేను, వస్తున్నావని లోలోపల సంబరపడ్డాను. నిన్ను తీసుకెళ్ళడానికే ఓడ ఎక్కాను హేమా. ధైర్యం చెప్పడానికి కాదు. కాబట్టి నీ నిచ్చెన పుణ్యం నాకు అంటగట్టకు.

నువ్వు కెమెరా అడిగినప్పుడు నేను పట్టీ వదల్లేదు, గుర్తుందా? లాక్కోవాల్సి వచ్చింది నీకు. నీ హెల్మెట్టు ఆ కంతలోకి దిగిపోయాక నాకు కిందంతా చీకటిగా కనిపించింది. "హేమా, వొద్దు, వొచ్చెయ్యి" అని పిలవబోయాను. మీ నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పిలవకు. పిలిస్తే పైకి సూస్తాది, పట్టు తప్పుతాది" అన్నారు. ఆయన చెయ్యీ చల్లగా ఉంది. "మా ఓవెన్ మీదకి ఎక్కిన కొత్తల్లో నాకూ కాళ్ళు ఆడీవి కాదు" అన్నారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. తర్వాత నువ్వు పైకి ఎత్తిన అద్దం మెరిసింది.

రెండు ఫొటోలూ చూశాను. ఒకటి పూర్తిగా కదిలిపోయింది. రెండోది వంకరగా ఉంది, నా తల సగమే పడింది. సరిచెయ్యను. ఉన్నదున్నట్టే ప్రింటు వేస్తే మీ నాన్న ప్లాంటులో తన లాకర్లో పెట్టుకోవడానికి పట్టుకెళ్ళారు.

వంజరం మేమిద్దరమే తిన్నాం. ధనలక్ష్మికీ పంపాను. "పాప రానేదేటి?" అంది. "డ్యూటీ ఉందటమ్మా" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నోరు చేదైంది, మింగాక బాగానే ఉంది.

ఈ సాయంత్రం మీ ఓడ కదులుతుందని ఓడ ఏజెంటు చెబితే, మేమిద్దరం బండి మీద సముద్రం ఒడ్డున కోస్టల్ బ్యాటరీ దగ్గరికి వెళ్ళి రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నాం. వాన వెలిసింది. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ మాకు చెరొకటి ఇచ్చింది. లాక్కొచ్చిన టగ్గు పడవలు రెండూ వదిలేశాక మీ ఓడ మెల్లగా తిరిగింది. నా మెడలో కెమెరా ఉంది, దానికి నువ్వు తెచ్చిన లెన్సు ఉంది. కంటికి ఎత్తి పట్టుకున్నాను.

"తియ్యవేటి?" అన్నారు మీ నాన్న.

"దీంతో తీస్తే సముద్రం, ఆకాశం, ఈ గోడ, మన కాళ్ళు అన్నీ పడతాయి. ఓడ మాత్రం ఆవగింజంత పడతాది" అన్నాను.

"అయితే కెమెరా దించి సూడు" అన్నారు.

దించాను. కనబడినంతసేపూ చూశాను.

నీ వంతు సగం పొత్తు కూడా తినేసి,
అమ్మ